సిద్దికా బూత్ మూసేసిన సంగతి

గుంటూరు,
12 జూన్ 2023

సిద్దికా అక్కకి,

సలాం. ఇన్నేళ్లకి తమ్ముడు కాగితం మీద రాశాడేంటని కంగారు పడకు. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. మా ఆడిటర్ ప్రసన్నకుమార్ గారు కేసు సంగతి ఫోనులో ఒక్క ముక్క కూడా మాట్లాడొద్దు, వాట్సాప్‌లో అసలే పెట్టొద్దు అని గట్టిగా చెప్పారు. ఎవరిదో కేసులో అన్నదమ్ముల మెసేజులు ప్రింటు తీసి ఫైల్లో పెట్టేశారంట. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఫోన్లు పెట్టించినవాణ్ణి, సొంత అక్కతో మాట్లాడ్డానికి నిన్న పోస్టు డబ్బా ఎక్కడుందో అడిగి తెలుసుకున్నాను.

విషయం చెబుతాను, నిదానంగా చదువు. 2004లో నేను ఫోను కంపెనీ ఫ్రాంచైజీ తీసుకున్నాను కదా. కొత్తగా టెలిఫోను సర్వీసు మొదలుపెట్టినవాళ్లకి లాభం మీద పన్ను మినహాయింపు ఉండేది. 2005 మార్చిలోపు మొదలుపెట్టి ఉండాలి. మనం లోపే ఉన్నాం, అందుకని మినహాయింపు రాసుకున్నాం. తర్వాత ఇన్‌కంటాక్స్ వాళ్లు పాత ఫైళ్లు తిరగదోడి నీకు వర్తించదన్నారు. దాని మీద వేసిన అప్పీలు ఇన్నేళ్లూ నిద్రపోయి ఇప్పుడు లేచింది.

వాళ్లు రెండు అభ్యంతరాలు పెట్టారు. లైసెన్సు కంపెనీది, నువ్వు ఫ్రాంచైజీవి మాత్రమే, సర్వీసు ఇచ్చింది నువ్వు కాదు అని ఒకటి. ఇది కొత్త వ్యాపారమే కాదు, అంతకుముందు నుంచీ ఉన్న ఎస్టీడీ బూత్‌ని విడగొట్టి పేరు మార్చారు అని రెండోది. ఆ బూత్ నీదే అక్కా. ఉన్న వ్యాపారంలోంచి చీల్చి పెడితే మినహాయింపు రాదు, అదీ రూలు.

మొదటిదానికి ఆడిటర్ గారు జవాబు రాసేశారు. రెండోదానికి నీ అఫిడవిట్ కావాలి. 2003 చివర కేబుల్ తెగి మూడు నెలలు నీ లైను చచ్చిపోయింది, గుర్తుందా? అప్పుడే బూత్ పూర్తిగా మూసేశానని, ఆ తర్వాత ఏ వ్యాపారమూ చెయ్యలేదని, నా ఫ్రాంచైజీలో నీ పాత్ర ఏమీ లేదని రాయాలి. ఇది అబద్ధం కాదు, లైను పోవడం నిజమే కదా. టైపు చేయించి దీంతో పెట్టాను. ఇంకొల్లులో నోటరీ దగ్గర సంతకం పెట్టి పంపు.

ఇది తేడా వస్తే నేనుంటున్న ఇల్లు పోతుంది అక్కా. అంతకన్నా దాచేదేం లేదు.

నీ తమ్ముడు,
మాబు


నాగులవరప్పాడు,
25 జూన్ 2023

ఒరేయ్ మాబూ,

సలాం. ఫోనులో మాట్లాడొద్దన్న మీ ఆడిటరెవరో గానీ బుద్ధిమంతుడు. ఊరందరి మాటలూ అద్దం ఇవతల కూర్చుని విన్నదాన్ని నేను. మీటరు తిరిగే చోట రహస్యం ఉండదని నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అందుకే ఇంటి సంగతులు ఇప్పటికీ ఫోనులో చెప్పను, నువ్వేమో అక్కకి పొగరు అనుకుంటావు.

నీ కాగితం చదివాను. అందులో ఉన్న సిద్దికా ఎవరో నాకు తెలియలేదు. లైను చచ్చిపోయిందే గానీ నేను చచ్చిపోలేదురా. ఆ మూడు నెలలూ రోజూ బంకు తలుపు తీసే కూర్చున్నాను. పొద్దున్నే గుంటూరు బస్సు డ్రైవరు చేతికి చీటీ ఇస్తే, మధ్యాహ్నం తిరుగు బస్సులో యార్డు నుంచి మిర్చి రేటు రాయించుకొచ్చేవాడు. అది మైకులో చదివేదాన్ని. రైతులు సంచులు కట్టాలా, ఆగాలా అన్నది ఆ మైకు విని తేల్చుకునేవాళ్లు. ఫోను లేకుండా ఫోను బూత్ నడిపిన మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు ఉంటే చూపించు.

ఆ మైకు ఎందుకు పెట్టానో నువ్వు మర్చిపోయి ఉంటావు. ఎవరికన్నా ఫోను వస్తే వాళ్లింటికి పోయి పిలవాలి, నా పోలియో కాలుతో ఎక్కడికి పోను? నాయన పరుపులు కుట్టి కూడబెట్టిన దాంతో ఆ మైకు కొనిచ్చాడు. "ఫలానావారికి ఫలానా ఊరి నుంచి ఫోను, తొందరగా రండి" అని ఎన్ని వందలసార్లు పిలిచి ఉంటాను. కొడుకు పుట్టాడని పిలిచాను, మనిషి పోయాడని కూడా నేనే పిలిచాను. పత్తి పురుగుకు పోయి రైతులు మందు తాగిన ఏడు ఆ మైకు పట్టుకోవాలంటేనే నాకు భయమేసేది.

నువ్వు ఫ్రాంచైజీ తెచ్చుకున్నప్పుడు నీ బల్ల వేసుకున్నది నా బంకులోనే. నీ కంపెనీ ఫోను మొదట పెట్టించుకున్న ఇళ్లన్నీ నేను మైకులో చెబితే వచ్చినవే. నువ్వు ఊళ్లమ్మట తిరుగుతుంటే బిల్లులు కట్టించుకున్నది నేను. దాన్ని పాత్ర లేదంటారా మీ ఆడిటర్లు?

ఇంకోటి. ఈ బంకు స్థలం పంచాయతీ నాకు వికలాంగుల కోటాలో ఇచ్చింది. నేనే స్వయంగా వ్యాపారం నడుపుతున్నంత కాలమే నాది, మూసేస్తే వెనక్కి తీసుకుని ఇంకో వికలాంగుడికి ఇస్తారు. ఇవాళ్టికీ అందులోనే జిరాక్సు, రీచార్జి చేసుకుని తింటున్నాను. ఇరవై ఏళ్ల కిందటే మూశానని నా చేత్తో నేనే రాసిస్తే ఏమవుతుందో మీ ఆడిటర్ గారిని అడుగు.

ఇవన్నీ పక్కన పెట్టు. నిన్ను ఒక్కటి అడుగుతాను. నా బూత్ లేకపోయినా నీ వ్యాపారం ఉండేదా? ఆడిటరు మాట వద్దు, నీ మాట రాయి.

అక్క,
సిద్దికా


గుంటూరు,
8 జులై 2023

అక్కకి,

సలాం. నీ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. నీ మరదలు నజీరా కూడా చదివింది. "వదిన అడుగుతున్నది వాటా, నీకు అర్థం కావట్లేదా" అంది. నాకూ అలాగే అనిపించింది. ఇన్నేళ్లు నోరు తెరిచి ఏదీ అడగనిదానివి, అడగడానికి ఇదా అక్కా సమయం? వాటా కావాలంటే సూటిగా చెప్పు. ఈ గండం గట్టెక్కితే నీకు అన్యాయం చెయ్యను.

నీ ప్రశ్నకి జవాబు కాగితం మీద రాయలేను. ఏం రాసినా అది రేపు ఎవరి చేతికైనా చిక్కితే నా కేసు నేనే పాడు చేసుకున్నట్టు అవుతుంది. నీ ఉత్తరం కూడా చదివాక చింపేశాను, ఏమనుకోకు.

బంకు సంగతి ఆడిటర్ గారిని అడిగాను. పన్ను అప్పీలుకీ ఊరి పంచాయతీకీ సంబంధం ఏముంది, ఎవరు పట్టుకెళ్లి చూపిస్తారు అన్నారు. అదీ నిజమే కదా. నువ్వు అనవసరంగా భయపడుతున్నావు.

బ్యాంకు వాళ్లు ఒక పక్క, వీళ్లు ఒక పక్క. నజీరా రాత్రిళ్లు లేచి కూర్చుంటోంది. ఎక్కువ రాయలేను.

మాబు


నాగులవరప్పాడు,
4 ఆగస్టు 2023

మాబూ,

వాటా ఎవడడిగాడురా? ఆ ఉత్తరం మళ్లీ చదువుకో అందామంటే చింపేశానన్నావు. నేను అడిగింది ఒక మాట. అవును అక్కా, నువ్వు చేశావు అని ఒక్క మాట. దానికి నీ భార్య లెక్క కట్టింది, నువ్వు నమ్మావు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అంటారు, నువ్వయితే తెప్ప చేతే నేను తెప్పని కాదని చెప్పిస్తున్నావు. నాకు చాలా కష్టమేసింది. కోపం కూడా వచ్చింది, దాచుకోను.

అయినా సంతకం పెట్టాను. పీర్ల పండగ అయిన మూడో రోజు ఆటో మాట్లాడుకుని ఇంకొల్లు పోయాను. చదివి వినిపించమంటావా అమ్మా అన్నాడు నోటరీ. నాకు చదువొచ్చు, వద్దన్నాను. ఆ మాటలు పరాయివాడి నోట వినే ఓపిక నాకు లేదు. అబద్ధపు సాక్ష్యానికి అల్లాకి నేనేం చెప్పుకోవాలో చెప్పుకుంటాను, అది నీకు అక్కర్లేదు.

చిన్నప్పుడు నన్ను వీపున వేసుకుని బడికి మోసుకుపోయేవాడివి. నాకంటే చిన్నవాడివి, నడుం వంగిపోయేది, అయినా దించేవాడివి కాదు. ఆ మాబు కోసం పెట్టాను సంతకం. నీ ఇల్లు నిలబడితే చాలు.

ఊళ్లో వానలు సరిగా లేవు. పత్తి మొలిచింది గానీ ఎదగడం లేదు.

సిద్దికా


గుంటూరు,
20 అక్టోబర్ 2023

అక్కకి,

సలాం. నువ్వు చల్లగా ఉండాలి. కాగితాలన్నీ కంప్యూటర్లో ఎక్కించారు. ఇప్పుడు ఈ అప్పీళ్లకి మనిషి ఎదురుగా పోయి నిలబడేది లేదంట, అవతల వినేది ఎవరో మనకి తెలియదు, వాళ్లకి మనం తెలియదు. నీ అఫిడవిట్ చూసి, ఇది ఉంటే రెండో అభ్యంతరం నిలబడదు అన్నారు ఆడిటర్ గారు. చాలా రోజులకి కాస్త నిద్ర పట్టింది.

విచారణకి ఊళ్లోకి ఎవరైనా ఇన్‌కంటాక్స్ ఇన్‌స్పెక్టరు రావచ్చు. వస్తే కాగితంలో ఉన్నట్టే చెప్పు, ఒక్క మాట కూడా ఎక్కువ వద్దు. బంకు మీద నీ పేరుతో పాత ఎస్టీడీ బోర్డు ఇంకా ఉంటే తీయించెయ్యి. మైకు కూడా లోపల పెట్టు.

నజీరా నీ మోకాలికి నూనె పంపిస్తోంది. పడుకునే ముందు గోరువెచ్చగా చేసి రాసుకోమంది. మొన్నటి మాటలు మనసులో పెట్టుకోకు.

మాబు


నాగులవరప్పాడు,
26 నవంబర్ 2023

మాబూ,

సలాం. నూనె బాగుంది, నజీరాకి చెప్పు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మర్యాదస్తుడు, బెంచీ మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాడు. ముందు నన్ను అడక్కుండా టీకొట్టు దగ్గర పెద్దవాళ్లని అడిగాడంట. వాళ్లకేం తెలుసు పాపం, నాకు మేలు చేస్తున్నామనుకుని, సిద్దికమ్మ బూత్ ఒక్క రోజు మూసింది లేదండీ, లైను లేనప్పుడు కూడా మాకు రేట్లు చెప్పింది అని గొప్పగా చెప్పారు. తర్వాత వాళ్లనే వెంటబెట్టుకుని నా దగ్గరకి వచ్చాడు. వాళ్ల ఎదురుగానే నేను చెప్పాల్సి వచ్చింది, వాళ్లు పెద్దవాళ్లయ్యారు, మర్చిపోయారు, నేను 2003లోనే మూసేశానని. ఒకాయన నా మొహం వంక చూసి తల దించుకుని పోయాడు. ఆయన కొడుకు పురుగుమందు తాగినప్పుడు ఆస్పత్రి నుంచి వచ్చిన ఫోనుకి ఆయన్ని పిలిచింది నేనే. అప్పట్నుంచీ నా బంకుకి ఎవరూ సరిగా రావడం లేదు.

అది అక్కడితో పోలేదు. రెండు మాటలు కలవలేదు కాబట్టి ఇన్‌స్పెక్టరు పంచాయతీకి పోయి నా స్థలం ఫైలు అడిగాడు. సెక్రటరీ ఫైలు తీసి, ఇన్‌స్పెక్టరు చూపించిన నా అఫిడవిట్ చదివి, ఇరవై ఏళ్ల కిందటే మూసిందా అయితే అన్నాడంట. నెలలోపు ఖాళీ చెయ్యమని నోటీసు అంటించారు. ఆయన్ని తిట్టడానికి లేదు. రూలు ఉంది, నా సంతకమూ ఉంది. కోటా కోసం ఎదురు చూస్తున్నవాళ్లూ ఉన్నారు.

సెక్రటరీ దగ్గరికి పోయి కూర్చుని బతిమాలాను. ఇది నువ్వు స్వయంగా ఎప్పుడూ మూయకుండా నడిపావని తెలిసినవాళ్లు ఎవరైనా రాసిస్తే ఆపుతానన్నాడు. ఊళ్లోవాళ్లని ఏ మొహం పెట్టుకుని అడగను? వాళ్లకి మతిమరుపు అని నేనే చెప్పాను కదా. నువ్వు రారా మాబూ. నువ్వొచ్చి మా అక్క బంకు ఎప్పుడూ మూయలేదని రాసివ్వు. ఇంకేం అడగను.

అక్క,
సిద్దికా


గుంటూరు,
10 డిసెంబర్ 2023

అక్కకి,

తుఫానుకి బంకు రేకులు ఎగరలేదు కదా? అటు మిర్చి, పొగాకు అంతా నీళ్లలోనే ఉందని టీవీలో చూపించారు.

నీ ఉత్తరం పట్టుకుని ఆడిటర్ గారి దగ్గరికి పోయాను. ఆయన తల పట్టుకున్నారు. నేను ఇప్పుడు అలా రాసిస్తే, నీ అఫిడవిట్ తప్పని నేనే సాక్ష్యం ఇచ్చినట్టు. అప్పీలు పోతుంది, దాంతో పాటు అబద్ధపు ప్రమాణం కింద నీ మీద కూడా కేసు రావచ్చు. నేను రాలేను అక్కా. రాలేకనే రాస్తున్నాను. ఆర్డరు వచ్చేదాకా ఆగమని పంచాయతీవాళ్లని ఎలాగో ఒప్పించు. ఒకసారి గెలిస్తే నేనే వచ్చి అన్నీ చక్కబెడతాను.

లేకపోతే ఇక్కడికి వచ్చెయ్యి. పైన గది ఖాళీగానే ఉంది. మెట్లు కాస్త ఎత్తు, అయినా ఏదో ఒకటి చేద్దాం. నీకు ఈ వయసులో ఆ బంకులో కూర్చునే అవసరం ఏముంది? తమ్ముడు లేడా?

మాబు


గుంటూరు,
9 మార్చి 2024

అక్కా,

మూడు నెలలైంది నీ దగ్గర్నుంచి ఉత్తరం లేక. ఫోను ఎత్తవు. కోపం వచ్చిందనుకుని ఊరుకున్నాను. ఈ ఉత్తరానికైనా జవాబు రాయి.

ఆర్డరు మెయిల్లో వచ్చింది. పోయింది అక్కా. అప్పీలు కొట్టేశారు. ఆడిటర్ గారు చదివి చెప్పారు. లైసెన్సు కంపెనీది, నెట్‌వర్కు కంపెనీది, ఫ్రాంచైజీదారు కంపెనీ తరఫున పని చేసినవాడే గాని స్వయంగా సేవ అందించినవాడు కాడు, కాబట్టి మినహాయింపుకి అర్హుడు కాడు. అంతే. నేను స్తంభాలు భుజాన మోసి, జ్వరంతో టవరు కింద పడుకుని డీజిలు పోసిన రోజులన్నీ ఆ ఒక్క లైనులో పోయాయి. ఇన్నేళ్లు నేనేం చేశానని ఎవరికైనా చెప్పుకోను?

ఇంకో మాట రాయడానికి నా చెయ్యి రావడం లేదు. మొదటి అభ్యంతరంతోనే తేలిపోయింది కాబట్టి రెండోదాన్ని పరిశీలించే అవసరం లేదన్నారు. నీ అఫిడవిట్ గురించి ఆర్డరులో ఒక్క ముక్క లేదు. ఆడిటర్ గారిని రెండుసార్లు అడిగాను, మా అక్క కాగితం చూశారా అని. "చూడాల్సిన పని వాళ్లకి పడలేదు మాబు గారూ" అన్నారు.

పై అప్పీలుకి పోవచ్చంట. నాకు ఓపిక లేదు, ఇల్లు అమ్మకానికి పెట్టాం. ఇక దాచేదేమీ లేదు కాబట్టి చెబుతున్నాను. నువ్వు అప్పుడు అడిగావు కదా, నీ బూత్ లేకపోయినా నా వ్యాపారం ఉండేదా అని. ఉండేది కాదు అక్కా. నాకు మొదట్నుంచీ తెలుసు.

సోమవారం ఊరికి వస్తున్నాను. పంచాయతీలో రాసిస్తాను, ఎవరి ముందు కావాలంటే వాళ్ల ముందు చెబుతాను.

మాబు


గుంటూరు,
20 మార్చి 2024

మాబూ,

సలాం. పైన గుంటూరు అని చూసి ఉలిక్కిపడకు. నీ ఉత్తరం ఊళ్లో పోస్ట్‌మ్యాన్ ఎవరి చేతికో ఇచ్చి ఇక్కడికి పంపాడు, చేరేసరికి ఇన్ని రోజులైంది. సోమవారం నువ్వు ఊరికి పోయి బంకు ముందు నిలబడి ఉంటావు. ఆ సంగతి తలుచుకుంటే నాకు బాధగా ఉంది.

జనవరి నుంచి ఇక్కడే ఉన్నాను. కోల్డ్ స్టోరేజీ పక్కన షెడ్డులో మిర్చికాయల తొడిమలు తీసే పని. కూర్చుని చేసేదే కాబట్టి నా కాలుతో ఇబ్బంది లేదు. మేస్త్రి జయకుమారి మంచి మనిషి, చర్చి వీధిలో వాళ్లింటి పక్క గదే నాకు ఇప్పించింది. రంజాన్ రోజాలు మొదలయ్యాక కాస్త కష్టంగా ఉంది. ఆ ఘాటుకి దగ్గు వస్తుంది, నీళ్లు తాగడానికి లేదు. జయకుమారి నన్ను గాలి వచ్చే వైపు కూర్చోబెడుతోంది.

ఒకే ఊళ్లో ఉండి ఎందుకు చెప్పలేదంటావు. చెబితే నువ్వొచ్చి తీసుకుపోతావు. నజీరా మొహం చూడాలి, నా మొహం నజీరా చూడాలి. ఇప్పుడు ఆ ఇల్లే మీకు ఉండేట్టు లేదు, నేనొచ్చి గోరుచుట్టు మీద రోకటిపోటు ఎందుకు?

పంచాయతీలో ఏమీ రాసివ్వకు. ఆ స్థలం పక్క పాలెం నుంచి వచ్చిన ఒకతనికి ఇచ్చారు. అతనికి రెండు కాళ్లూ లేవు, ఇద్దరు ఆడపిల్లలు. టిఫిను పెట్టుకున్నాడు. నేను ఖాళీ చేసిన రోజు వచ్చి, మీ పొట్ట కొట్టానా అమ్మా అని అడిగాడు. లేదు నాయనా, నేను ఎప్పుడో మూసేశానని చెప్పాను. ఇప్పుడు నువ్వు పోయి నిజం చెబితే అతన్ని లేపాలి. వద్దు.

ఉండేది కాదు అని రాశావు చూడు, ఆ ఒక్క ముక్క చాలాసార్లు చదువుకున్నాను. అది పోయిన జులైలో రాసి ఉంటే నేను ఆ సంతకం సంతోషంగా పెట్టేదాన్నిరా. ఎలాగూ పెట్టేదాన్నే.

ఆర్డరు మాటలకి నువ్వు మనసు పాడు చేసుకోకు. నువ్వు మోసిన స్తంభాలు నేను చూశాను. ఎవరైనా అడిగితే చెప్పడానికి నేనున్నాను.

మొన్న పనిలో చేరినవాళ్ల పేర్లు రాసుకుంటూ జయకుమారి అందరినీ అడిగింది, ఇంతకుముందు ఏం చేసేవాళ్లని. ఒకామె పత్తి తీశానంది, ఒకామె వరి నాట్లకి పోయేదాన్నంది. నా దగ్గరికి వచ్చి, "నువ్వేం చేసేదానివి సిద్దికమ్మా" అని అడిగింది. మైకు సంగతి నోటి చివరిదాకా వచ్చింది. ఏమీ చెయ్యలేదన్నాను. సంతకం పెట్టి చెప్పిన మాట కదా, ఇప్పుడు మారిస్తే బాగుండదు.

నీ అక్క,
సిద్దికా